బొమ్మ సరే... తెలుగు మాట ఏదీ?

తరగతి గదిలో టీవీ పెట్టారు. పాఠం మొదలైంది. తెర మీద పంతులమ్మ 'భాష' అని రాసి, నోరు తెరిచి పలికింది. వెనక బెంచీ పిల్లలకు వినిపించింది మాత్రం పక్క గదిలో ఎవరో గొణిగినట్టు ఒక చప్పుడు. ఇంకో బడిలో బొమ్మ అద్దంలా ఉంది, మాట హిందీలో వస్తోంది. మరో చోట బొమ్మే గళ్లు గళ్లుగా విరిగి నిలిచిపోయింది. రెండు తెలుగు రాష్ట్రాల అవతల ఉన్న మన బళ్లలో, ఇళ్లలో ఈ మూడు అవస్థలూ తెలిసినవే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో టీవీ మొరాయిస్తే ఒక పూట సీరియల్ పోతుంది. మన దగ్గర పోయేది అంతకంటే ఎక్కువ. గుమ్మం దాటితే హోసూరులో తమిళం, బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపూర్‌లో మరాఠీ. ఇంటి యాస కాక వేరే తెలుగు, అంటే వార్తల తెలుగు, పాఠం తెలుగు, పెద్ద సభలో మాట్లాడే తెలుగు పిల్లల చెవిన పడే చోటు చాలా ఇళ్లలో టీవీ ఒక్కటే. తెలుగు పంతులు పోస్టు ఖాళీగా ఉన్న బడిలోనైతే మరీనూ. ఖాళీ పోస్టుకు టీవీ బదులు కాదని మేమూ ఒప్పుకుంటాం. అయినా ఆ పోస్టు నిండేదాకా చెవికి అందే ఆ కాస్త తెలుగు కూడా పోనివ్వడం ఎందుకు? అందుకే ఈ వారం ఈ పేజీలో మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు మనంతట మనం చూసుకోదగ్గ సంగతులు చెబుతున్నాం.

ముందుగా కాలం మారిన సంగతి ఒకటి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. ఆ తరువాత చాలా ఏళ్లు ఇంటి మీద అల్యూమినియం కడ్డీల యాంటెన్నాయే దిక్కు. ఒకరు పైకెక్కి గొట్టం తిప్పడం, కింది నుంచి ఇంకొకరు 'వచ్చింది... పోయింది... కాస్త ఇటు' అని అరవడం ఇప్పటి తాతయ్యలకు బాగా గుర్తు. అప్పుడు బొమ్మ నిండా చుక్కలు పడినా మాట మాత్రం ఎలాగోలా వినబడేది. ఆ పాత నేల మీది ట్రాన్స్‌మిటర్లను దూరదర్శన్ దాదాపు అన్నిటినీ మూసేసింది. ఇప్పటి డిజిటల్ ప్రసారంలో బొమ్మా మాటా ఒకే మూటలో అంకెలుగా వస్తాయి. మూట చేరితే రెండూ శుభ్రంగా ఉంటాయి, చేరకపోతే రెండూ పోతాయి. మధ్యస్థంగా, చుక్కల మధ్య నడిచే పాఠం ఇక లేదు. అందువల్ల బొమ్మ బాగా ఉండి మాట ఒక్కటే రాలేదంటే తప్పు డిష్‌లో వెతకడం దండగ. చాలాసార్లు అది గదిలోనే ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం శ్రమ, మెకానిక్ కూలీ మిగులుతాయి.

వంటగది మూలకు చూడాలి

నెల రుసుము లేకుండా తెలుగు కార్యక్రమాలు అందేది డీడీ ఫ్రీ డిష్‌లో. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది ఇదే. రాష్ట్ర విభజన తరువాత రెండుగా ఉన్న సప్తగిరి, యాదగిరి చానెళ్లు ఇందులో ఉన్నాయి. 2020లో తరగతికొకటి చొప్పున 12 చానెళ్లతో మొదలైన పీఎం ఈ-విద్యను ప్రాంతీయ భాషల కోసం 200కు పెంచుతామని 2022 బడ్జెట్‌లో ప్రకటించారు. ఈ పాఠాల చానెళ్లు కూడా ఫ్రీ డిష్ దారినే వస్తాయి.

ఇవన్నీ వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి. 2015 నవంబరులో పైకి పంపిన ఈ ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర కదలకుండా నిలిచినట్టు ఉంటుంది. పటంలో వేలు పెడితే నికోబార్ దీవులకు దక్షిణాన సముద్రం మీద పడుతుంది. మన ఊళ్లన్నిటికీ అది ఆగ్నేయం వైపే. ఆగ్నేయం ఎటో పిల్లలకు తెలియకపోతే ఇంట్లో వంటగది ఏ మూలన ఉందో అడగండి. వాస్తు పట్టింపు ఉన్న ఇల్లయితే జవాబు అదే.

ఇంకాస్త కచ్చితంగా కావాలంటే, ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు లెక్క కట్టగా హోసూరుకు సుమారు 128 డిగ్రీలు, బళ్లారికి 131, షోలాపూర్‌కు 134, యానాంకు 145, బరంపురానికి 155 వస్తుంది. అంటే తూర్పు తీరానికి పోయే కొద్దీ డిష్ దక్షిణానికి తిరగాలి. బళ్లారిలో డిష్ బిగించి అలవాటైన చేయి బరంపురంలో కూడా అటే తిప్పితే ఏమీ రాదు. ఫోన్‌లోని దిక్సూచి ఈ పనికి చాలు. ఇనుప రేకులకు, పిట్టగోడ చువ్వలకు కాస్త దూరంగా పట్టుకుని చూడాలి.

ఇక ఎత్తు. ఉపగ్రహం షోలాపూర్‌లో నేల నుంచి సుమారు 61 డిగ్రీలు, బళ్లారిలో 64, బరంపురంలో 65, హోసూరు, యానాంలలో 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. దాదాపు నడినెత్తి మీదే అనుకోవచ్చు. డిష్ ముఖం చూస్తే అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు. మన ఇళ్ల మీది చిన్న డిష్‌ల తయారీయే అలాంటిది. ముఖం చూసే దిక్కు కంటే సిగ్నల్ అందుకునే దిక్కు ఇరవై, పాతిక డిగ్రీలు పైన ఉంటుంది.

దీనివల్ల తేలే లాభమొకటి ఉంది. 'ఎదురింటి వాళ్లు మేడ వేశారు, అందుకే టీవీ రావడం లేదు' అనే తగాదాల్లో చాలావాటికి ఆధారం ఉండదు. పదో తరగతి పిల్లలకు త్రికోణమితి ఎలాగూ ఉంది. టాన్ 66 డిగ్రీల విలువ సుమారు 2.25. డిష్‌కు మూడు మీటర్ల దూరంలోని కొమ్మ అడ్డు రావాలంటే అది డిష్ కంటే దాదాపు ఆరున్నర, ఏడు మీటర్లు పైకి లేవాలి. పది మీటర్ల దూరంలోని మేడ అయితే ఇరవై రెండు మీటర్లు లేవాలి. దగ్గరగా ఉన్న కొబ్బరి చెట్టు, వేప చెట్టు, పక్కనే కట్టిన నీళ్ల ట్యాంకు మాత్రం నిజంగానే అడ్డు కావచ్చు. నిరుడు బాగుండి ఈ ఏడు కొమ్మ పెరిగాక పోయిందంటే అనుమానించాల్సింది వాటినే. ఈ లెక్కను పిల్లలచేత బడి ఆవరణలోనే వేయించండి, టేపు పట్టుకుని కొలిచే పని వాళ్లకు భలే సరదా.

డిష్ ఎంత కదిలితే పోతుందో కూడా తెలిసి ఉండాలి. 60 సెంటీమీటర్ల డిష్ రెండు డిగ్రీలు పక్కకు జరిగితే సిగ్నల్ బాగా పడిపోతుంది. రెండు డిగ్రీలంటే డిష్ అంచు దగ్గర కొలిస్తే ఒక్క సెంటీమీటరు. కోతి దూకినా, ఎవరైనా తడిబట్టలు ఆరేసినా అంత జరుగుతుంది. అందుకే సరిగా కుదిరిన రోజున స్తంభం మీద, బిగింపు మీద కలిపి ఒక పెయింటు గీత గీసి ఉంచండి. రెండు గీతలూ కలిసి ఉంటే డిష్ కదలలేదన్నమాట.

పెట్టె మెనూలో సిగ్నల్ చూపే గీతలు రెండుంటాయి, స్ట్రెంగ్త్ ఒకటి, క్వాలిటీ ఒకటి. చాలామంది మొదటిది చూసి సంబరపడతారు. నమ్మదగింది రెండోది. డిష్ ఎటు చూస్తున్నా దాని ముందున్న ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, స్ట్రెంగ్త్ ఎంతో కొంత చూపిస్తుంది. స్ట్రెంగ్త్ ఉండి క్వాలిటీ సున్నా అయితే డిష్ వేరే వైపు తిరిగింది, లేదా అడ్డం ఏదో వచ్చింది. రెండూ సున్నా అయితే వైరు, పిన్ను, ఎల్‌ఎన్‌బీలలో ఏదో ఒకటి పోయింది, అప్పుడు డిష్ జోలికి పోవద్దు. రెండూ బాగుండి ఒక్క చానెలే కనిపించకపోతే మళ్లీ స్కాన్ చేయండి, చానెళ్ల స్థానాలు అప్పుడప్పుడు మారుతుంటాయి. స్కాన్ చేసినా రాకపోతే పెట్టె పాత ఎంపెగ్-2 రకమేమో చూడాలి. ఎంపెగ్-4లో వచ్చే చానెళ్లను అది చూపలేదు.

వానలో డిష్ తిప్పకండి

ఈ తరంగాలకు జోరువాన గిట్టదు. నీటి చినుకులు వాటిని మింగేస్తాయి. నల్లటి మబ్బు కమ్మిందగ్గర నుంచి బొమ్మ ఆగి ఆగి వస్తుంది, వాన తగ్గాక దానంతటదే కుదురుకుంటుంది. ఆ పది పదిహేను నిమిషాలు ఓపిక పట్టక డిష్ తిప్పినవాళ్లకు వాన వెలిశాక కూడా టీవీ రాదు. ఉరుములు మెరుపులు ఉంటే పెట్టె వెనక వైరు, కరెంటు ప్లగ్గు రెండూ తీసి ఉంచండి. పిల్లలను మేడ ఎక్కించవద్దు. దగ్గరలో కరెంటు తీగలు పోతుంటే పెద్దవాళ్లు కూడా ఎక్కవద్దు.

వాన లేకుండా, ఎండ కాస్తుండగా టీవీ పోయే రోజులు కూడా ఏడాదికి రెండుసార్లు వస్తాయి. మార్చి నెల మధ్యలో ఓసారి, సెప్టెంబరు చివర లేదా అక్టోబరు మొదట్లో ఓసారి, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక నుంచి పోతాడు. సూర్యుడి నుంచి వచ్చే తరంగాల రొదలో ఉపగ్రహం గొంతు మునిగిపోతుంది. మన ఊళ్లకు ఇది ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో, అంటే సరిగ్గా బడివేళ జరుగుతుంది. కొన్ని నిమిషాలే. నాలుగైదు రోజులు అదే వేళకు వచ్చి ఆగిపోతుంది. దీనికి మందు లేదు, అవసరమూ లేదు. ఆ వేళ టీవీ కట్టేసి, డిష్ నీడ వైపు పిల్లలను తీసుకెళ్లి చూపిస్తే భూగోళం పాఠం అక్కడే దొరుకుతుంది. డిష్ ముందున్న ఎల్‌ఎన్‌బీ నీడ డిష్ కింది అంచు దగ్గర పడుతుంది. డిష్ సరిగ్గా ఉందనడానికి అదే రుజువు.

వైర్ల సంగతి క్లుప్తంగా చెబుతాం. యానాం, బరంపురం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పడతాయి. పిన్ను విప్పి చూస్తే మధ్య రాగి తీగ తళతళలాడాలి. ఆకుపచ్చగా, నల్లగా ఉంటే ఆ ముక్క కత్తిరించి కొత్త పిన్ను వేయించాలి. పిన్ను చుట్టూ ఉండే సన్నని అల్లిక తీగల్లో ఒక్కటి మధ్య తీగకు తగిలినా సిగ్నల్ పోతుంది. కిటికీలో దూరే ముందు వైరును కాస్త కిందికి ఉయ్యాలలా వేలాడనిస్తే వాన నీరు అక్కడే కారిపోతుంది, పెట్టెలోకి రాదు. ఎల్‌ఎన్‌బీ మూత పగిలి ఉంటే లోపల చీమలో కందిరీగలో కాపురం పెడతాయి.

శబ్దం: సగం తప్పులు రిమోట్‌లోనే

ఇక మన అసలు విషయం. ఒక పాత సంగతితో మొదలుపెడతాం. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు మన దేశంలో 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా అందులో ఉన్నాయి. ఒక బొమ్మతోపాటు రెండు శబ్ద మార్గాలు పంపే వీలు ఉండేది. బొమ్మ ఒకటే, మాట మాత్రం ఒక దారిలో తెలుగు, మరో దారిలో కన్నడం. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న మన పల్లెల కోసమే కనిపెట్టినట్టుండే ఈ ఏర్పాటు ఇప్పటికీ ఉంది. పేరొక్కటే మారింది. రిమోట్ మీద 'ఆడియో' లేదా 'లాంగ్' అని ఉండే మీట అదే.

పిల్లల చానెళ్లు, ప్రకృతి, విజ్ఞానం చూపే చానెళ్లు చాలావరకు ఒకే బొమ్మకు హిందీ, తమిళం, తెలుగు, ఇంగ్లిష్ మాటలు జోడించి పంపుతాయి. తమిళనాడులో పెట్టె బిగించేవాళ్లు సహజంగానే తమిళాన్ని ముందు పెడతారు, మహారాష్ట్రలో హిందీని. 'ఈ చానెల్ తెలుగులో రాదు' అని ఇంట్లో అందరూ ఏళ్ల తరబడి నమ్ముతూ ఉంటారు, తెలుగు ఒక మీట దూరంలో ఉంటుంది. ఆ మీట నొక్కండి. తరువాత మెనూలోకి వెళ్లి మొదటి ఆడియో భాషగా తెలుగును ఎంచి భద్రం చేయండి, లేకపోతే చానెల్ మార్చినప్పుడల్లా మొదటికి వస్తుంది. ఆ జాబితాలో తెలుగు అసలు కనిపించకపోతే అది మీకు పంపేచోట వదిలేసిన శబ్దం, కేబుల్ ఆపరేటర్‌ను అడగాల్సిందే.

మాట అసలే రాకపోతే వరుసగా చూసుకోండి. శబ్దం తగ్గించే మీటలు రెండుంటాయి, పెట్టె రిమోట్‌లో ఒకటి, టీవీ రిమోట్‌లో ఒకటి. ఏదో ఒకటి మ్యూట్‌లో ఉండిపోవడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే 'జబ్బు'. పెట్టె శబ్దం ముప్పావు వంతు దగ్గర నిలిపి, తగ్గింపు పెంపులు టీవీతో చేసుకోవడం మంచి పద్ధతి. పెట్టెను పూర్తిగా పెంచితే మాట చీలి గరగరమంటుంది. మూడు రంగుల వైర్లు ఉన్నచోట పసుపు బొమ్మకు, తెలుపు, ఎరుపు శబ్దానికి. ఆ రెండిట్లో ఒకటి వదులైతే సగం శబ్దమే వస్తుంది. ఆడియో మీట నొక్కినప్పుడు 'లెఫ్ట్, రైట్, స్టీరియో' అని కనిపిస్తే స్టీరియోలోనే ఉంచండి. కొన్ని హెచ్‌డీ చానెళ్లలో మాత్రమే మాట రాకపోతే శబ్దం డాల్బీలో వస్తోందేమో అనుమానించండి. పెట్టె సెట్టింగుల్లో డిజిటల్ ఆడియోను 'పీసీఎం'కు మారిస్తే చాలా టీవీల్లో మాట తిరిగి వస్తుంది. ఒక్క చానెల్‌లో మాత్రమే శబ్దం లేకపోతే తప్పు అవతలి వాళ్లది కావచ్చు. గంట ఆగి చూడండి.

పెదవులు ముందు కదిలి మాట వెనక వస్తోందని కొందరి ఫిర్యాదు. 'పైనుంచి రావడానికి ఆలస్యం' అనే వివరణ తప్పు, బొమ్మా మాటా కలిసే ప్రయాణిస్తాయి. మాట వెనకబడటానికి ఎక్కువగా కారణం బ్లూటూత్ స్పీకర్. వైరుతో కలిపితే సరిపోతుంది. మాటే ముందు వస్తుంటే టీవీ బొమ్మకు మెరుగులు దిద్దడంలో ఆలస్యం చేస్తోందన్నమాట. బొమ్మను 'గేమ్' రకానికి మార్చండి, లేదా ఆడియో డిలే అనే సర్దుబాటు ఉంటే వాడండి.

స, శ, ష విడిగా వినబడాలంటే

శబ్దం వస్తోంది కానీ తెలుగు అర్థం కావడం లేదు అనేది బళ్లకు ప్రత్యేకమైన కష్టం. అచ్చులకు బలమెక్కువ, ఎంత చెడ్డ స్పీకర్‌లోనైనా వినబడతాయి. స, శ, ష తేడా, ఖ, ఛ, ఫలలోని ఊపిరి సన్నని హెచ్చుస్థాయి ధ్వనులు. వాటికి బలం తక్కువ. కొత్త పలచటి టీవీలకు స్పీకర్లు వెనక్కో కిందికో చూస్తుంటాయి, ఆ ధ్వనులు గోడకు కొట్టుకుని అక్కడే ఆగిపోతాయి. పిల్లలకు మిగిలేది అచ్చుల హోరు.

ఇది మన పిల్లల మీద చూపే ప్రభావం ఊరిని బట్టి మారుతుంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. హోసూరు పిల్లవాడు 'భాష'ను 'బాస' అన్నాడంటే వాడికి ఆ తేడా వినిపించే సందర్భాలే తక్కువని అర్థం. ఒడియాలో అకారాన్ని గుండ్రంగా, ఒకారానికి దగ్గరగా పలుకుతారు. బరంపురం, పర్లాకిమిడి పిల్లలకు ఒత్తులతో ఇబ్బంది లేదు, కావాల్సింది శుభ్రమైన తెలుగు అకారం. కన్నడ లిపి మనకు దగ్గరది కనుక బళ్లారి పిల్లలు అక్షరాలతో అంత తికమకపడరు. షోలాపూర్ పద్మశాలీల వాడల్లో మగ్గాల చప్పుడు మరో అడ్డంకి.

చేయాల్సినవి చవకైనవే. టీవీ శబ్దం సెట్టింగును 'సినిమా', 'మ్యూజిక్' నుంచి 'స్పీచ్' లేదా 'న్యూస్' వంటి రకానికి మార్చండి. బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచండి. చాలా బళ్లలో దీనికి తలకిందులుగా ఉంటుంది, గుబగుబమంటే బాగున్నట్టు లెక్క. టీవీ గోడకు ఎత్తున ఉంటే ఒక చిన్న వైరు స్పీకర్‌ను పిల్లల చెవుల ఎత్తున, వాళ్ల వైపు తిప్పి పెట్టండి. దూరం రెట్టింపైతే నేరుగా చెవికి చేరే శబ్దం నాలుగో వంతుకు పడిపోతుంది, కనుక శబ్దం పెంచడం కంటే పిల్లలను దగ్గరగా కూర్చోబెట్టడం మేలు. ఖాళీ గోడలు, గచ్చు నేల ఉన్న గదిలో మాట ప్రతిధ్వనించి ఒకదాని మీద ఒకటి పడుతుంది. చాపలు పరచండి, కిటికీలకు పాత దుప్పట్లు కట్టండి. రేకుల కప్పు మీద వాన పడుతుంటే టీవీ కట్టేసి, రేపు చూద్దాం అనడమే తెలివి.

సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి వెనక బెంచీయే కొలబద్ద. వార్తలు పెట్టి, వెనక కూర్చున్న పిల్లల చేత తెర చూడకుండా రెండు నిమిషాలు వినబడింది రాయించండి. ఒత్తులు, స-శ-షలు పోతుంటే స్పీకర్ చోటు మార్చి మళ్లీ రాయించండి.

కేబుల్ ఉన్నచోట

కేబుల్ మీద ఆధారపడిన బళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. 1995 నాటి కేబుల్ టీవీ చట్టం 8వ సెక్షన్ కింద ప్రభుత్వం నోటిఫై చేసిన దూరదర్శన్ చానెళ్లను ఆపరేటర్లు తప్పక ఇవ్వాలి. 2019 నుంచి అమలైన ట్రాయ్ పద్ధతిలో వీక్షకుడు తనకు కావలసిన చానెల్‌ను విడిగా కోరి తీసుకోవచ్చు. 'ఇది కన్నడ ప్యాక్, తెలుగు రాదు' అంటే అక్కడితో ఊరుకోనక్కర్లేదు. నోటిమాటగా కాక, బడి లెటర్‌హెడ్ మీద చానెల్ పేరు, బాక్సు నంబరు రాసి ఇచ్చి నకలు దగ్గర పెట్టుకోండి.

ఎవరికి ఫిర్యాదు చేసినా 'టీవీ రావడం లేదు' అంటే పని జరగదు. ఏ చానెల్, ఏ వేళ, బొమ్మ పోయిందా మాట పోయిందా, క్వాలిటీ అంకె ఎంత అన్నది చెప్పాలి. దాని కోసం బాగా వస్తున్న ఒక నిర్మలమైన రోజున స్ట్రెంగ్త్, క్వాలిటీ అంకెలు, మీ ఊరి దిక్కు డిగ్రీలు, ఆడియో భాష, శబ్దం సెట్టింగు ఒక కాగితం మీద రాసి టీవీ వెనక అతికించండి. మెకానిక్ వచ్చి డిష్ మళ్లీ బిగించిన రోజున పాత అంకెలు కొట్టేసి, కొత్తవి తేదీతో సహా రాయించండి.